హైదరాబాదు జంతుశాల - నాడు, నేడు

2021వ సంవత్సరము జూన్ మాసములో హైదరాబాదు జంతుశాలలో రాణి యను ముదుసలి ఏనుగు కన్నుమూసినది. నాటికి దాని వయస్సు 83 సంవత్సరములకు సమీపించినది. ఈ నగరపు జంతుశాల చరిత్రను చెప్పుకొనుటకు రాణి జీవితముకంటె మంచి కొలబద్ద లేదు. ఏలననగా, నాంపల్లిలో బాగే ఆమ్ అని పేరొందిన తోటలోని పాత జంతుశాలను అది ఎరుగును. 1963లో అచ్చటినుండి మీరాలం చెరువు ప్రక్కనున్న క్రొత్త జంతుశాలకు తరలివచ్చి, తక్కిన జీవితమంతయు అచ్చటనే గడపినది. ఆ ఒక్క ఏనుగు ఆయుర్దాయములోనే జంతుశాల యను మాటకు మనము చెప్పుకొను అర్థము చాలవరకు మారిపోయినది. ఆ మార్పును గురించియే నేడు కొంత ముచ్చటించుకొందము.

మృగములను తెచ్చి పెంచుట మన దేశమున క్రొత్త కాదు. మొగలు చక్రవర్తి అక్బరు వేటకొరకు చీతాలను వందలకొలదిగా పెంచెను. అవి జింకలను తరిమి పట్టుచుండగా చూచుట నాటి ప్రభువులకు గొప్ప వినోదము. అయినను, అంత వైభవముగా పెంచిన చీతాలు పట్టుబడియుండగా పిల్లలను కనుట మిక్కిలి అరుదు. అక్బరు కుమారుడగు జహంగీరు కాలమున ఒక ఆడ చీతా మూడు కూనలను ఈనగా, ఆ చక్రవర్తి దానిని వింతగా నెంచి తన స్మృతులలో వ్రాసికొనెను. మరి రాజుల కొట్టములలోని వెలితి ఎట్లు తీరినది? అడవికి పోయి మరల మరల పట్టి తెచ్చుటయే మార్గమైనది. దీనికి తోడు వేట హెచ్చినది. పచ్చిక బయళ్ళు తరిగిపోయినవి. తుదకు 1952లో, చీతా మన దేశమున అంతరించినదని ప్రభుత్వమే ప్రకటింపవలసి వచ్చినది. మరల చీతాను మన నేలపై చూచుటకై 2022లో నమీబియా దేశమునుండి ఎనిమిదింటిని విమానముపై తేవలసిన వారమైతిమి. అడవినుండి తీసికొనుటయే కాని, తిరిగి ఇచ్చుట ఎరుగని పెంపకము ఎచ్చటికి దారితీయునో చెప్పుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

ఇక నగరములలోని జంతుశాలల మాట. పూర్వకాలపు జంతుశాల యనగా ఇనుప కమ్ముల బోనుల వరుస. జర్మనీ దేశమున హాంబర్గు నగరము చెంత కార్ల్ హాగన్‌బెక్ అను మృగముల వర్తకుడు 1907లో క్రొత్త పద్ధతి నొకదానిని జనులకు చూపెను. కమ్ములకు మారుగా జంతువు దాటలేని లోతైన కందకమును త్రవ్వించి, దానికి ఆవల మృగమును ఆరుబయట విడిచెను. చూచువారికి నడుమ అడ్డేమియు లేనట్లే యుండును. మృగమునకు ఎండ, గాలి, నేల, నీడ దొరకును.

మన దేశమున ఈ పద్ధతిని మొదట చేపట్టిన జంతుశాలలలో హైదరాబాదుది ఒకటి. 1959లో పని ఆరంభమైనది. 1963 అక్టోబరు 6వ తేదీన నెహ్రూ జంతుశాలను ప్రజలకు తెరచిరి. దీని విస్తీర్ణము 380 ఎకరములు. ప్రక్కనున్న మీరాలం చెరువునకు 21 కమానులు కల కట్ట కలదు. హైదరాబాదు ప్రధానామాత్యుడైన మీర్ ఆలం పేర పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభమున నిర్మితమైన కట్టడమది. 1974లో ఇచ్చటనే సింహముల సఫారీ నెలకొల్పిరి. అందు మూసిన బండిలో కూర్చుండువాడు మనుష్యుడు, బయట తిరుగునది సింహము!

అయితే, చోటు విశాలమైనంత మాత్రమున ధర్మము తీరినట్లు కాదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. అడవి జంతువును ఇచ్చ వచ్చినట్లు పట్టుటకు వీలులేకపోయినది. 1992లో కేంద్ర జంతుశాలల ప్రాధికార సంస్థ ఏర్పడి, ప్రతి జంతుశాలయు దాని గుర్తింపు పొందవలసిన దాయెను. జంతుశాలల ముఖ్యోద్దేశము వన్యప్రాణి రక్షణకు తోడ్పడుటయే యని 1998 నాటి జాతీయ విధానము స్పష్టము చేసినది. వినోదము రెండవ స్థానమునకు పోయినది.

కాని, చట్టము వ్రాసికొన్నంతనే రక్షణ చేకూరదు. 2000వ సంవత్సరము అక్టోబరులో దుండగులు ఒక రాత్రి ఈ జంతుశాలలోనికే చొరబడి, ఒక ఆడపులిని దాని ఆవరణలోనే చంపి చర్మము ఒలిచిరి. దేశమంతయు నివ్వెరపోయినది. అడవిలోని పులికి నగరములోని జంతుశాల అభయస్థానమని తలచు మనకు, పులి చర్మమునకు వెల కట్టువాడు ఉన్నంతకాలము ఏ గోడయు చాలదని ఆ రాత్రి తెలిసివచ్చినది.

రక్షణలో కావలి ఒక భాగము. వైద్యము మరియొక భాగము. అడవి జంతువు తన జబ్బును దాచుకొనును. బలహీనత బయటపడినచో శత్రువు మీదబడునని దాని స్వభావమే దానికి నేర్పినది. కనుక ప్రతి ఉదయము కీపరు చూచెడి చూపే మొదటి వైద్యము: నిన్నటి మాంసము మిగిలినదా, నడకలో తేడా ఉన్నదా, ముక్కు కారుచున్నదా? 2021 ఏప్రిలులో ఇచ్చటి సింహములలో శ్వాసకోశపు జబ్బు కనబడగా, వానికి మత్తు నిచ్చి ముక్కునుండి, గొంతునుండి నమూనాలు తీసిరి. ఎనిమిది సింహములకు కోవిడ్ సోకినదని నగరములోని సి.సి.ఎం.బి. పరీక్షలో తేలినది. వానిని వేరుగా ఉంచి చికిత్స చేయగా అవి కోలుకొన్నవి.

ఆ సి.సి.ఎం.బి. సంస్థకే అనుబంధమైన లాకోన్స్ అను పరిశోధనశాల, అంతరించు జాతులను నిలుపుటకై అత్తాపూరున వెలసినది. జంతుశాలయు, ఈ పరిశోధనశాలయు కలిసి 2010లో మూషిక జింక పెంపకమును చేపట్టినవి. ఈ జింకను చూచినవారు తక్కువ. తూకము సుమారు మూడు కిలోలు. కొమ్ములు లేవు. పగలు పొదలలో, చెట్టు తొఱ్ఱలలో దాగి, రాత్రి తిరుగును. వేటగాని వలకు సులభముగా చిక్కును. అదృష్టవశమున, ఈనిన కొలది గంటలకే మరల చూలు ధరింపగల జంతువిది. ఆరింటితో ఆరంభమైన మంద కొన్ని ఏండ్లలో ఇన్నూరు దాటినది. 2017లో వానిలో ఎనిమిదింటిని నల్లమలలోని అమ్రాబాదు అభయారణ్యమునకు గొనిపోయిరి. ముందుగా అడవిలోనే కంచె వేసిన చోట ఉంచి, ఆకు, పండు, మట్టి, వాసన అలవాటు చేసి, పిదప విడిచిరి.

జహంగీరుకు చీతా కూనలు వింతయైనవి. ఈనాటి జంతుశాలకు కూనలు వింత కారాదు, లెక్క కావలెను. ఎన్ని జంతువులను చూపితిమని కాక, ఎన్నింటిని అడవికి తిరిగి ఇచ్చితిమని జంతుశాలను అడుగవలసిన కాలము వచ్చినది. అయితే తిరిగి ఇచ్చుటకు అడవి మిగిలియుండవలెను. అది జంతుశాలవారి చేతిలోని పని కాదు, మనందరి పని. జంతుశాలకు పోయినప్పుడు రాయి విసరక, కేకలు వేయక, చేతిలోని తినుబండారమును లోనికి పారవేయక యుండుట దానికి తొలిమెట్టు.

రాణి తన దీర్ఘజీవితమును జనుల నడుమనే గడపి పోయినది. దాని ఇరుగుపొరుగున పుట్టిన చిన్న జింకలు నల్లమల చీకటిలోనికి నడచిపోయినవి. ఆ ఎనిమిది జింకల నడకయే మన జంతుశాల ఇంతకాలము నేర్చుకొన్న పాఠమునకు ఫలము.