కడలికి నీరుగంటి

ఆమడగూరు వంటి మెట్టపల్లె యందలి బడిపంతులు సముద్రమును గూర్చి ప్రసంగించుట కొందఱికి వింతగా తోచవచ్చును. మాయూర సముద్రమును కన్నులార చూచినవారు కొందఱే. అయినను జలభయ మెట్టిదో మేమెఱుగుదుము. నా చిన్నతనమున చెఱువు నిండిన రాత్రులందు నీరుగంటి కట్టమీదనే కావలి యుండెడివాడు. కట్ట చెమ్మగిల్లెనా, తప్పెట మ్రోగెడిది. ఆ చప్పుడు విన్నంతనే ఏ మిట్టకు పరుగెత్తవలయునో పసిబిడ్డలకు సైతము తెలియును. కడలికి అట్టి నీరుగంటి లేకపోయిన యొక దినమును, పిదప కలిగిన మార్పును నేడు మనవి చేసెదను.

2004 డిసెంబరు 26వ తేది ఆదివారము, పౌర్ణమి. ఉదయము సుమారు 6 గంటల 29 నిమిషములకు సుమత్రాదీవి పడమటి దెస కడలి యడుగున 9.1 తీవ్రత గల భూకంపము పుట్టెను. ఆ యలలు మన తూర్పుతీరమునకు చేరుటకు రెండుగంటలకు పైగా పట్టెను. ఆ రెండుగంటలును మన తీరమున ఎప్పటివలెనే గడచెను. జాలరులు వలలు సరిచూచుకొనుచుండిరి. బందరు చెంత మంగినపూడి మొదలగు చోట్ల పౌర్ణమిస్నానమునకు జనులు నీట దిగియుండిరి. హెచ్చరించినవారు లేరు. ఆంధ్రతీరమున నూఱుమందికి పైగాను, తమిళనాట నాగపట్టణము జిల్లా యందే సుమారు 6,000 మందియు మరణించిరి. చాలినంత కాలముండియు, కబురు లేక పోయిరి గదా యని తలచినప్పుడెల్ల మనసు కలత చెందును.

ఇట్టిది మున్నెన్నడును లేదని అప్పుడు పలువురు పలికిరి. అది సరికాదు. 1881 డిసెంబరు 31న కార్ నికోబారు చెంత పుట్టిన భూకంపపు టలలను విశాఖపట్టణము, చెన్నపట్టణము, నాగపట్టణములందలి ఆటుపోటులను కొలుచు యంత్రములు గీతలుగా గీసి చూపినవి. అలలు చిన్నవి గనుక లోకము మఱచెను. మనవారికి బాగుగ తెలిసినది గాలివాన తెచ్చు ఉప్పెన. 1864 నవంబరు 1న బందరును ముంచి సుమారు 30,000 మందిని పొట్టపెట్టుకొన్నది అదియే. ఉప్పెనకు ముందు గాలియు మబ్బును నడచును. సునామీ వచ్చునాడు ఆకాశము నిర్మలముగ నుండవచ్చును. ఒక్కొక్కచో కడలి వెనుకకు తగ్గి అడుగు బయటపడును. అది చూచి వేడుకపడక మిట్టకు పరుగెత్తవలయును.

2007 అక్టోబరునందు హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రము వెలసెను. కడలి కనబడని నగరమున కడలికి కావలి! మెట్టవాడనగు నాకిది ముచ్చటగొలుపును. భూకంపమాపకములును, కడలి యడుగున నీటి బరువును కొలుచు యంత్రములును అచటికి రేయింబవళ్లు వార్త లందించును. 2012 ఏప్రిలు 11న సుమత్రా చెంత మరల 8.6 తీవ్రతతో భూమి కదలగా, పది నిమిషముల లోపలనే మొదటి కబురు వెలువడెను. నేలపలకలు ప్రక్కకు జరిగినవే గాని నీటిని పైకెత్తలేదు గనుక ఆనాడు పెద్ద యలలు రాలేదు.

అయితే హైదరాబాదున పుట్టిన మాట ఇసుకదిబ్బ మీది గుడిసె వఱకు పోవలదా? పోయినను, విన్నవాడు ఎటు పోవలయునో ఎఱుగవలదా? ఇచ్చటనే పెద్దల పని యున్నది. సుమత్రా చెంతనే సిమెలూ అను చిన్న దీవి కలదు. 1907లో అచట వచ్చిన యలను 'స్మాంగ్' అను పేర పెద్దలు తరతరములుగ పిల్లలకు కథగా చెప్పుచు వచ్చిరి: భూమి గట్టిగా కదలి నీరు వెనుకకు పోయినచో కొండకు పరుగెత్తుడని. 2004లో 70,000కు పైబడిన ఆ దీవి జనములో మడిసినవారు ఏడుగురే యని చెప్పుదురు.

మన పొరుగుననే మఱియొక యుదాహరణము గలదు. ఒడియావారు తెలుగు జాలరులను నోలియాలందురు. సాహి యన వీథి. అట్టి పేరుగల జగత్సింగ్‌పూరు జిల్లా నోలియాసాహియు, గంజాం జిల్లా వెంకట్రాయపురమును 2020 ఆగస్టునందు యునెస్కోకు చెందిన సముద్రశాస్త్ర సంఘముచే సునామీకి సంసిద్ధములైన గ్రామములుగ గుర్తింపబడినవి. హిందూమహాసముద్ర తీరదేశములలో ఈ గౌరవము మొదట పొందినవి ఇవియే. 1999 అక్టోబరు 29న మహావాతము వలన సుమారు 10,000 మందిని పోగొట్టుకొన్న రాష్ట్రమది. ఆనాడు గుర్తింపునకు నియమములు పదునొకండుగా నుండెను. నీరు ఎంతవఱకు రాగలదో చూపు పటము, ఎటు పోవలయునో తెలుపు బాటపలకలు, రేయైనను పగలైనను కబురు నందుకొను ఏర్పాటు, దానిని ఇంటింటికి చేర్చు విధము, ఊరివారందఱు కలిసి చేయు అభ్యాసము వానిలో ముఖ్యములు. ఆపద లేనినాడు పరుగెత్తుట తొలుత నవ్వు పుట్టించును. మా బడిలో అగ్నిప్రమాదపు అభ్యాసము చేయించిననాడు పిల్లలును నవ్విరి. 2024లో ఒడిశాతీరమున మఱి 24 గ్రామములు ఈ వరుసలో చేరినవి.