ట్రాలీ వెనక తెల్ల లైటు: ఎక్కడ పుట్టింది, మన దాకా ఎందుకు రాలేదు

వరికోతలు మొదలయ్యాయంటే మిర్యాలగూడ మిల్లుల దారులు రాత్రింబవళ్లు ట్రాక్టర్లతో నిండిపోతాయి. కోత మిషన్ నుంచి పచ్చి వడ్లు ట్రాలీలో పడతాయి, ట్రాలీ నేరుగా మిల్లుకు పోతుంది. మేళ్లచెరువు, హుజూర్‌నగర్, కోదాడ మండలాల్లోని కొనుగోలు కేంద్రాల దగ్గరా ఇదే హడావుడి. ఈ ప్రయాణంలో ఎక్కువ నేర్పు కావలసింది రోడ్డు మీద కాదు, చివరి ఇరవై ముప్పై అడుగుల్లో. తూకం అయ్యాక ట్రాలీని కుప్ప దాకా వెనక్కి నడిపించాలి. ఆ కుప్పల పక్కనే పట్టాలు కప్పుకొని కాపలా రైతులు నిద్రపోతుంటారు, హమాలీలు నడుం వాలుస్తారు. ట్రాక్టరుకు ముందు రెండు హెడ్‌లైట్లుంటాయి, వెళ్తున్నది మాత్రం వెనక్కి. అక్కడ వెలుగు ఉండదు. ఉంటే గింటే ఎర్ర టెయిల్‌లైటు, రేడియం స్టిక్కరు. వెనక్కి వచ్చే బండికి తెల్ల లైటు ఉండాలన్న ఆలోచన పుట్టి వందేళ్లు దాటింది. అయినా ఆ లైటు అవసరం ఎక్కువగా ఉన్న ట్రాలీకే చేరలేదు. దీనికి పేదరికమో అజాగ్రత్తో కారణమని చెప్పి ఊరుకోలేం. ఆ లైటు పుట్టినప్పటి నుంచీ దాన్ని ఇంజనున్న బండి సొత్తుగానే చూశారు. అది ఉండవలసింది బండి ఆఖరి అంచున.

ఎడ్లబండి కాలంలో ఇరుసు కింద ఒక లాంతరు వేలాడేది. ఎద్దుల కాళ్ల ముందు దారి కొంత కనిపించడానికి, ఎదురుగానో వెనకగానో వచ్చేవాళ్లకు బండి ఉందని తెలియడానికి ఆ ఒక్కటే సరిపోయేది. బండి వెనక్కి పోవలసి వస్తే పగ్గం వెనక్కి లాగి, చక్రాలకు మనుషులు భుజం పట్టి నెట్టేవాళ్లు. వెనక ఏముందో చూసేవాళ్లు వెనకే ఉండేవాళ్లు. నడిపేవాడు కూర్చున్నచోటు నుంచి కదలకుండా బండిని వెనక్కి పంపే వీలు మోటారుతోనే వచ్చింది. అదీ వెంటనే రాలేదు. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మొదటి కారుకు రివర్సు గేరే లేదు. తర్వాతి కార్లకు ఆ గేరు వచ్చింది గానీ, చాలా ఏళ్లపాటు దానికి తోడుగా దీపం రాలేదు. వెనక ఉన్నదల్లా నూనెతో వెలిగే ఎర్ర అద్దం దీపం. అది వెనక వచ్చేవాడి కోసం పెట్టింది, నడిపేవాడి కోసం కాదు. 1912లో కాడిలాక్ కారు కరెంటు స్టార్టరుతో, కరెంటు దీపాలతో వచ్చాకే కారులో ఎక్కడైనా ఒక బల్బు పెట్టుకోవడం తేలికైన పనయింది.

వెనక్కి వెళ్లేటప్పుడు వెలిగే లైటును మొదట పెట్టిన ఘనత సాధారణంగా అమెరికాలో 1921లో వచ్చిన విల్స్ సెయింట్ క్లేర్ కారుకు ఇస్తారు. దాన్ని తయారుచేసిన హెరాల్డ్ విల్స్ అంతకుముందు హెన్రీ ఫోర్డు దగ్గర ముఖ్యమైన ఇంజనీరుగా పనిచేసినవాడు. అది ఖరీదైన కారు, ఆ కంపెనీ ఎక్కువ కాలం నిలవలేదు, లైటు మాత్రం నిలిచింది. ఆ తర్వాత చట్టాలు దాని చుట్టూ ఒక కట్టుబాటు అల్లాయి. బండికి ముందు తెలుపు, వెనక ఎరుపు అన్నది రోడ్డు మీది మూలసూత్రం. చీకట్లో ఎదురుగా ఉన్నది వస్తున్న బండో పోతున్న బండో రంగును బట్టే తెలుసుకుంటాం. ఆ సూత్రానికి మినహాయింపు ఈ లైటు. అందుకే 1968 నాటి వియన్నా రోడ్డు ట్రాఫిక్ ఒప్పందం రివర్సు గేరు పడినప్పుడే అది వెలగాలని షరతు పెట్టింది. గేరులో ఒక స్విచ్చు, స్విచ్చు నుంచి ఒక తీగ, తీగ చివర బల్బు. ఈ మూడింటి పొత్తు అప్పుడే ఖాయమైంది. గేరు బాక్సు ఉండేది ఇంజనున్న బండికి, కాబట్టి లైటు కూడా ఆ బండి వెనకే అతుక్కుపోయింది. దాని వెనక ఇంకొక బండి కడితే ఏం కావాలన్న ప్రశ్న పక్కకు పోయింది.

ఆ ప్రశ్న ఎలా పక్కకు పోయిందో ట్రాలీకి కరెంటు అందించే ఏడు పిన్నుల సాకెట్టే చెబుతుంది. ఐఎస్ఓ 1724 ప్రమాణం ప్రకారం ఆ ఏడింటిలో ఎడమ, కుడి ఇండికేటర్లకు రెండు, టెయిల్‌లైట్లకు రెండు, బ్రేకుకు ఒకటి, ఎర్తుకు ఒకటి, పొగమంచు లైటుకు ఒకటి పోతాయి. లెక్క పూర్తయింది, రివర్సుకు చోటు మిగల్లేదు. ఐరోపాలో దాని కోసం ఐఎస్ఓ 3732 పేరుతో రెండో సాకెట్టు పెట్టుకోవలసి వచ్చింది. ఆ తర్వాత పదమూడు పిన్నుల సాకెట్టు వచ్చాకే ఎనిమిదో పిన్ను రివర్సుదయింది. అమెరికాలో కార్ల వెనక కట్టుకొని తిరిగే ఇంటిబండ్లకు వాడే ఏడు పిన్నుల సాకెట్టులో నడిమి పిన్ను రివర్సు లైటుకే ఉంచారు. కానీ అక్కడి ఫెడరల్ లైట్ల నిబంధన కార్లకు, లారీలకు రివర్సు లైటు తప్పనిసరి చేసి, ట్రైలర్లకు చేయలేదు. దాంతో ఆ పిన్నుకు అవతల తీగే లేకుండా చాలా ఇంటిబండ్లు ఫ్యాక్టరీ దాటాయి. కొన్నవాళ్లు సొంతంగా తీగ లాగి, లైట్లు బిగించి, ఆ పిన్నుకు ప్రాణం పోసుకుంటున్నారు. ధనిక దేశంలోనూ ట్రైలరు గురించి చట్టం మాట్లాడనిచోట లైటు రాలేదు. కాబట్టి లోపం మన రైతుది కాదు.

మన ప్రాంతానికి ట్రాలీ వచ్చిన దారి వేరు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నీళ్లు పారినచోటల్లా వరి పెరిగింది, మిర్యాలగూడ మిల్లుల ఊరయింది. దేశంలో ట్రాక్టర్ల తయారీ కూడా అదే కాలంలో ఊపందుకుంది. 1959లో ఐషర్, తర్వాతి కొన్నేళ్లలో టాఫె, మహీంద్రా వచ్చాయి. కానీ ట్రాక్టరును పొలంలో దున్నే యంత్రంగానే తయారుచేశారు. వెనక వైపు చాలా ట్రాక్టర్లకు మడ్‌గార్డు మీద ఒక తెల్ల లైటు ఉంటుంది. అది రాత్రి దుక్కిలో నాగళ్లు ఎలా దిగుతున్నాయో చూసుకోవడానికి. ట్రాలీ తగిలించాక ఆ వెలుగు ట్రాలీ ముందరి రేకు మీద పడి అక్కడే ఆగిపోతుంది. ఇంకో చిక్కు ఉంది. రెండు చక్రాల ట్రాలీని వెనక్కి పంపేటప్పుడు స్టీరింగు ఒకవైపు తిప్పితే ట్రాలీ వెనక భాగం రెండోవైపు పోతుంది. మలుపులో ట్రాక్టరు ఒక దిక్కు, ట్రాలీ ఒక దిక్కు చూస్తాయి. ట్రాక్టరు మీద ఎంత పెద్ద లైటు పెట్టినా, ట్రాలీ పోయే చోటు దానికి కనబడదు. ఆఖరి అంచున లైటు ఉండాలనడానికి ఇంతకన్నా గట్టి కారణం అక్కర్లేదు.

మన చట్టం ఈ విషయంలో నిద్రపోయిందని అనలేం. 1988 మోటారు వాహనాల చట్టం, దాని కింద 1989లో వచ్చిన కేంద్ర నిబంధనలు రిఫ్లెక్టర్లకు 104వ నియమం, లైట్లకు 105వ నియమం పెట్టాయి. 2019 జులై నుంచి కొత్త కార్లకు వెనక్కి వెళ్లేటప్పుడు అడ్డం ఉంటే హెచ్చరించే సెన్సర్లు తప్పనిసరి అయ్యాయి. అమెరికాలో తండ్రి వెనక్కి నడుపుతున్న కారు కింద పడి రెండేళ్ల పిల్లవాడు చనిపోతే, ఆ పిల్లవాడి పేరుతోనే చట్టం చేశారు. దాని ఫలితంగా 2018 మే నుంచి అక్కడ కొత్త కార్లన్నిటికీ వెనక కెమెరా ఉండి తీరాలి. ఇంటి వాకిట్లో కారు వెనక్కి రావడం ప్రాణాంతకమని ప్రభుత్వాలు ఒప్పుకున్నాయి. వడ్ల కుప్పల మధ్యకు టన్నుల బరువుతో వెనక్కి వచ్చే ట్రాలీ అంతకంటే తక్కువ ప్రమాదం ఎలా అవుతుంది?

వెనక హెల్పరు నిలబడి ఫోను టార్చి చూపిస్తాడు కదా అన్నది మొదటి అభ్యంతరం. ప్రాణానికి ముప్పు ఉన్నచోట అతన్నే నిలబెడుతున్నాం. టార్చి వెలుగు డ్రైవరు కళ్లలో పడితే ఆ హెల్పరు కూడా కనబడడు. సైగ చేసే మనిషి ఉండాల్సిందే, కానీ అతను పక్కన, వెలుగులో నిలబడాలి. రేడియం స్టిక్కర్లు చాలవా అంటే, రేడియం మెరవాలంటే దాని మీద ఇంకొక బండి హెడ్‌లైటు పడాలి. హైదరాబాద్–విజయవాడ హైవే మీద సూర్యాపేట దగ్గరో కోదాడ దగ్గరో వెనక వచ్చే లారీకి అది నిజంగా ప్రాణరక్షణే. కుప్ప పక్కన నిద్రపోతున్న మనిషి దగ్గర హెడ్‌లైటు లేదు. అతన్ని డ్రైవరుకు చూపించాలన్నా, బండి వస్తోందని అతనికి తెలియాలన్నా లైటు ట్రాలీకే ఉండాలి. బ్యాటరీ తట్టుకోదన్న భయానికీ ఆధారం లేదు. 21 వాట్ల బల్బులు రెండు పెట్టినా కలిపి మూడున్నర ఆంపియర్లే లాగుతాయి. ఎల్ఈడీ అయితే అందులో కొంత భాగం చాలు.

లైటు నాలుగు రోజులకే పగిలిపోతుందన్న అభ్యంతరంలో నిజం ఉంది. వెనక డోరు తీసి దించేటప్పుడు, బురదలో దిగినప్పుడు టెయిల్‌లైట్లే నిలవడం లేదు. అయితే ఇది బిగించే చోటును బట్టి తీరే సమస్య. జాకీ లేచినప్పుడు ట్రాలీ డబ్బా లేస్తుంది, కింది ఛాసీ కదలదు. వెనక అడ్డకమ్మీ లోపలి వైపు ఛాసీకే లైటు బిగించి, ముందు ఇనుప చువ్వల జాలీ పెడితే డోరు తగలదు, వడ్లూ పడవు. ఇక వైరింగు చూద్దాం. మన దగ్గర పొగమంచు లైటు వాడకం లేదు కాబట్టి ఏడు పిన్నుల సాకెట్టులో ఆ పిన్ను సాధారణంగా ఖాళీగానే ఉంటుంది. టెస్టరుతో చూసుకొని దాన్ని రివర్సుకు వాడుకోవచ్చు. తీగ మందం విషయంలో పిసినారితనం పనికిరాదు. అర చదరపు మిల్లీమీటరు తీగ ఏడు మీటర్లు లాగితే, పోను రాను కలిపి సుమారు ఒకటిన్నర వోల్టు దారిలోనే పోతుంది, మామూలు బల్బు వెలుగు మూడో వంతు తగ్గుతుంది. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగతో ఆ నష్టం చాలా తగ్గుతుంది. అన్నిటికంటే ఎక్కువగా చెడేది ఎర్తు. ఎర్తు తీగ వేయకుండా హుక్కు పిన్ను ద్వారా ఇనుములోంచే కరెంటు తిరిగొస్తుందని వదిలేస్తారు. అక్కడ ఉన్నది తుప్పు, గ్రీజు, వదులు. ఇండికేటరు వేస్తే టెయిల్‌లైటు కూడా మినుకుమినుకుమంటుంటే బల్బులు మార్చి లాభం లేదు, ఎర్తుకు వేరే తీగ లాగాలి.

బరువైన అభ్యంతరం ఇంకొకటి మిగిలింది. డ్రైవరు చేతి స్విచ్చుతో వేసి, ఆపడం మరిచి, ఆ తెల్ల లైటుతోనే హైవే ఎక్కితే? వెనక వచ్చేవాడికి ఎదురుగా బండి వస్తున్నట్టు భ్రమ కలుగుతుంది, కళ్లు చెదురుతాయి. లేని లైటు కన్నా ఆరని లైటు ప్రమాదమన్న మాట నిజమే. దీనికి జవాబు 1968 నాటి షరతులోనే ఉంది: లైటు గేరు చెప్పినట్టు వినాలి. రివర్సు స్విచ్చు లేని ట్రాక్టరుకు గేరు లివరు రివర్సులో పడినప్పుడే నొక్కుకునే స్విచ్చు ఒకటి బిగించి, రిలే ద్వారా, ఫ్యూజు వేసి లైటు వెలిగించాలి. ఆ ఏర్పాటు కుదరనిచోట, చేతి స్విచ్చు తప్పదంటే, డ్రైవరు కళ్ల ముందు డాష్‌బోర్డు మీద ఎర్ర బల్బు ఒకటి, చిన్న బజరు ఒకటి దానికి కలపాలి. అది మోగుతుంటే మరిచిపోవడం కష్టం. ఇవేవీ లేకుండా ఉట్టి స్విచ్చు పెట్టి ఇవ్వడం మేలు కాదు.

ఈ పనికి కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ట్రాలీలు తయారుచేసే కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేట షెడ్లవాళ్లు ఇండికేటర్లు, టెయిల్‌లైట్లు బిగించేటప్పుడే ఛాసీకి రెండు తెల్ల లైట్లు, వాటికి తగిన తీగ, వేరే ఎర్తు కలిపి ఇవ్వాలి. కొత్త ట్రాలీ కొనే రైతు టైర్లు, జాకీ చూసుకున్నట్టే, సాయంత్రం పూట ట్రాక్టరు తగిలించి రివర్సు వేయించి, వెనక పదడుగుల్లో మనిషి కనబడుతున్నాడో లేదో చూశాకే డబ్బు ఇవ్వాలి. పాత ట్రాలీలకు యాసంగి కోతల ముందే ఈ పని చేయించండి.