చిన్న పడవ వేగం, బరువు

చిన్న పడవ వేగం పెరగాలంటే పెద్ద ఇంజిన్ బిగించాలన్న నమ్మకం ఏ తీరంలో చూసినా బలంగానే ఉంది. అమరానికి తగిలించే అవుట్‌బోర్డ్ మోటార్ చరిత్రను, దానికి ముందు నలభై ఏళ్ల ప్రయోగాలను కలిపి చదివితే ఈ నమ్మకం నిలవదు. వేగం నిజంగా పెరిగిన ప్రతిసారీ ముందు మారింది పడవ అడుగు ఆకారమో, నునుపో, మోసే బరువో. గుర్రపు శక్తి ఆ మార్పును వాడుకుంది, అంతే.

ఇంగ్లండ్‌లో విలియం ఫ్రూడ్ అనే ఇంజినీరు 1867లో డార్ట్ నదిలో నమూనా పడవలను లాగి చూడటంతో ఈ శాస్త్రానికి గట్టి పునాది పడింది. 1872 నాటికి టోర్కీలో ఆయన ప్రయోగాల తొట్టి పని మొదలుపెట్టింది. పడవ కదిలేటప్పుడు తన వెంట అలలను లేపుకుంటుంది, వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడవూ పెరుగుతుంది. అల పొడవు నీటిని తాకే పడవ పొడవుతో సమానమయ్యేసరికి మొన ఒక శిఖరం మీద, అమరం మరో శిఖరం మీద ఉంటాయి. ఆపైన ఇంకా తోస్తే అమరం పల్లంలోకి దిగబడుతుంది, మొన పైకి లేస్తుంది, పడవ తాను లేపిన అలనే ఎక్కలేక ఎక్కుతుంటుంది. నీటిని తాకే పొడవు 16 అడుగులైతే ఈ హద్దు గంటకు సుమారు 10 కిలోమీటర్లు, 25 అడుగులైతే 12 కిలోమీటర్ల పైచిలుకు. నీటిని చీల్చుకుంటూ పోయే పడవకు ఇక్కడ ఇంజిన్‌ను రెట్టింపు చేసినా పెరిగేది పెద్ద అల, ఇంధనం ఖర్చు మాత్రమే. ఫ్రూడ్ అక్కడితో ఆగలేదు. చెక్క పలకలకు ఒకదానికి వార్నిష్, ఒకదానికి గుడ్డ, ఇంకోదానికి ఇసుక అంటించి తొట్టిలో లాగాడు. 50 అడుగుల పలకల్లో ఓ మోస్తరు ఇసుక అంటించినదానికి వార్నిష్ పలక కన్నా దాదాపు రెట్టింపు రాపిడి వచ్చింది. అడుగున నాచు, గుల్లలు పట్టిన పడవ ఎంత నష్టపోతుందో అప్పుడే అంకెల్లో తేలిపోయింది.

అలలు విధించే ఆ హద్దును దాటే దారి కూడా అదే ఏడాది ఒకరికి తట్టింది. చార్లెస్ మీడ్ రామస్ అనే చర్చి గురువు, అడుగున మెట్టు ఉన్న పడవ నీటిని చీల్చకుండా దాని మీద జారిపోతుందని 1872లో నౌకాదళానికి ప్రతిపాదించాడు. నమూనాలను పరీక్షించిన ఫ్రూడ్, ఓడను అలా పైకి లేపడానికి కావలసిన శక్తి ఆనాటి యంత్రాలకు లేదని తేల్చాడు. అయితే వేగం చివరికి ఇంజిన్‌దేగా అని ఇక్కడ ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ రామస్ ఆలోచనను ఆపింది యంత్రం శక్తి ఒక్కటే కాదు, ఆ శక్తి కోసం మోయాల్సిన బాయిలరు, బొగ్గు, ఇనుము బరువు. 1909లో అమెరికాలోని మిల్వాకీలో ఓలే ఎవిన్‌రూడ్ అమ్మిన అవుట్‌బోర్డ్ మోటారు శక్తి ఒకటిన్నర హార్స్‌పవర్, బరువు 28 కిలోలు. 1921లో అల్యూమినియం వాడి అతనే తెచ్చిన ఎల్టో అనే మోటారులో శక్తి రెట్టింపైంది, బరువు మాత్రం 22 కిలోలకు దిగింది. చిన్న పడవ నీటి మీదికి లేవడానికి తోడ్పడింది ఆ తగ్గిన బరువే. ఇంకా అనుమానం మిగిలితే 1928లో పడవల రూపశిల్పి ఉఫా ఫాక్స్ కట్టిన 14 అడుగుల అవెంజర్ అనే పడవను చూడాలి. ఇంజిన్ అసలే లేదు, ఉన్నది తెరచాప. తేలికగా ఉండి, అడుగు ఆకారం కుదిరినందువల్ల నీటి మీద జారుతూ ఆ ఏడాది పోటీ చేసిన 57 పందేల్లో 52 గెలిచింది.

అమెరికన్ రూపశిల్పి జార్జ్ క్రౌచ్ పేరుతో ఇప్పటికీ వాడే సూత్రం దీన్ని లెక్కలోకి తెచ్చింది. నీటి మీద జారే పడవ వేగం, శక్తిని బరువుతో భాగిస్తే వచ్చే అంకె వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. మనుషులు, ఇంధనం, సరంజామాతో కలిపి 600 కిలోలున్న పడవలోంచి 120 కిలోలు దించితే వేగం 12 శాతం దాకా పెరుగుతుంది. అదే వేగం కోసం 20 హార్స్‌పవర్ మోటార్ తీసి 25ది పెట్టాలి. అది ఇంకాస్త బరువుంటుంది, ఇంకాస్త తాగుతుంది. అడుగు చెక్కలోనో, ఫైబర్ పొరల మధ్యనో చేరిన నీరూ ఈ బరువులోదే. దుంగల తెప్పను ఒడ్డుకు చేర్చాక కట్లు విప్పి ఎండబెట్టే మన బెస్తవారికి క్రౌచ్ సూత్రం తెలియకపోయినా అందులోని నిజం చేతికి తెలుసు. ఆ అలవాటును ఎవరూ చదవని ఇంజినీరింగ్ పాఠంగా నేను గౌరవిస్తాను.

వేటకు వెళ్లే పడవకు వల, మంచు, చేప అన్నీ బరువే గనుక తేలికదనం వినోదపు పడవల సంగతి అన్నది అసలైన అభ్యంతరం. దాన్ని తోసిపుచ్చలేం. ముందు ఒడ్డుకు చేరినవాడికి మంచి ధర దక్కే చోట వేగం మోజు కాదు, కూలి. అయితే అలాంటి పడవ నిండు బరువుతో నీటి మీదికి లేవకపోతే పెద్ద ఇంజిన్ కొన్నా ఫ్రూడ్ చూపిన హద్దు దగ్గరే ఆగుతుంది. మద్రాసు కేంద్రంగా 1979లో మొదలైన ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వారి బంగాళాఖాత కార్యక్రమం తరఫున ఓయ్‌విండ్ గుల్‌బ్రాండ్సన్ 1986లో చిన్న చేపల పడవల ఇంధన ఖర్చు మీద ఒక పుస్తకం రాశారు. వేగం కాస్త తగ్గించడం, అడుగు శుభ్రంగా ఉంచడం, వీలైనచోట మెల్లగా తిరిగే పెద్ద ప్రొపెల్లర్ వాడటం, గాలి ఉన్నప్పుడు తెరచాప ఎత్తడం ఆయన చెప్పిన దారులు. బరువు మోసే పడవకు ఇవే సరైనవి. తేలిక పడవకు మాత్రం బేరం వేరే. మోటారు కాలి మీది అడ్డ రేకు పడవ అడుగుతో సమంగా ఉందా, నిండు థ్రాటిల్‌లో ఇంజిన్ దానికి రాసిన చుట్లను అందుకుంటోందా అన్నవి చూడాలి. చుట్లు అందకపోతే ప్రొపెల్లర్ పిచ్, అంటే ఒక చుట్టులో అది ముందుకు పోవాల్సిన దూరం, ఒక అంగుళం తగ్గిస్తే నిమిషానికి సుమారు 200 చుట్లు పెరుగుతాయి. ఆ మార్పుకయ్యే ఖర్చు కొత్త మోటారు ధరలో చిన్న వంతు.