కొల్లేటి సీమలో సాయంకాల శ్రవణం: ఆకాశవాణి లలిత సంగీత చరిత్ర - పునఃపరిశీలన

సినిమా పాటకు ప్రత్యామ్నాయంగా ఆకాశవాణి రూపొందించిన ప్రక్రియగా లలిత సంగీతాన్ని పరిగణించడం పరిపాటి. 1952లో సమాచార, ప్రసార శాఖామాత్యులైన బి.వి. కేస్కర్ సినిమా పాటల ప్రసారాన్ని కట్టడి చేయడమే ఈ అభిప్రాయానికి ఆధారం. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల శ్రోతల దృష్టి నుంచి ఈ అభిప్రాయాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

తెలుగు లలిత గీతానికి ఆ నిర్ణయం కన్న పూర్వచరిత్ర ఉంది. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న ప్రారంభమైంది. తాడేపల్లిగూడేనికి పొరుగునున్న నిడదవోలులో 1920లో జన్మించిన బాలాంత్రపు రజనీకాంతరావు 1941లో ఆ కేంద్రంలో చేరారు. భావకవుల గేయానికి రేడియో బాణీ అమరినది ఆ దశకంలోనే. ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ రచించిన ఆయనకు లలిత గీతం పదకర్తల పరంపరకు కొనసాగింపే గాని, సినిమా పాటకు విరుగుడు కాదు.

1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం ప్రారంభమైంది. అక్కడికి ఏలూరు సుమారు 60 కిలోమీటర్లు. తేమ గల నేల మీదుగా మధ్యమ తరంగాలు అంతగా క్షీణించవు కనుక ఈ పల్లపు సీమ ప్రసార గ్రహణానికి అనువైనది. అయితే చీకటి పడిన పిదప దూరకేంద్రాలు కూడ వినవస్తాయి. హ్రస్వతరంగాలపై సిలోను రేడియో 1952 నుంచి ‘బినాకా గీత్‌మాలా’ను వినిపించింది. 1957 అక్టోబరు 3న వివిధ భారతి ఆరంభం కావడం ఒక విధంగా ఆ పోటీని అంగీకరించడమే.

ఈ ఎంపిక శ్రోతలందరికీ సమానంగా దక్కలేదు. పంచాయతీ రేడియో ముందు కూర్చున్న గ్రామీణునికి సేద్యపు ముచ్చట్లు, వార్తలు, పాట, నాటిక ఒకే వరుసలో అందేవి. స్టేషను మార్చే మీట అతని చేతిలో లేదు. ట్రాన్సిస్టరు వ్యాప్తితోనే వ్యక్తిగత అభిరుచికి అవకాశం కలిగింది.

కనుక రెండు విషయాలను వేరుచేసి చూడాలి. అభిరుచిని శాసించదలచిన విధానం శ్రోత చేతికి మీట రాగానే సడలింది. లలిత గీతం మాత్రం నిలిచింది. విజయవాడ కేంద్రం ‘ఈ మాసపు పాట’ ద్వారా దానిని శ్రోతల గొంతులకు చేర్చింది. కేంద్రాల దస్త్రాలు ప్రసారమైనదాన్ని చెప్పగలవే గాని, విన్నదాన్ని చెప్పలేవు. పంచాయతీ రేడియో తరం వృద్ధాప్యంలో ఉన్న ఈ తరుణంలో వారి జ్ఞాపకాల సేకరణ సంగీత చరిత్రకారుల తక్షణ కర్తవ్యం.