చేతి తిమ్మిరికి గంజాయి మందేనా?



తునికాకు కట్టలు కట్టే చేతులు, బీడీలు చుట్టే చేతులు, గోదావరి అవతల మహదేవపూర్‌లో దసలి పట్టు నేసే చేతులు రాత్రిళ్లు తిమ్మిరెక్కడం మనకు కొత్త కాదు. తెలుగులో చీమలు పాకినట్టుందంటాం, మరాఠీలోనూ 'ముంగ్యా' వచ్చాయనే అంటారు. పెద్దలు దీన్ని వాతం అనేవారు. వాతానికి గంజాయి మందన్న మాట కూడా పాతదే. ఆ మాటలో నిజమెంత?

ఆయుర్వేదంలో ఈ మొక్క పేరు విజయ. శుద్ధి చేశాకనే మందులో కలుపుతారు. 1839లో కలకత్తా వైద్య కళాశాల ఆచార్యుడు ఓషానెస్సీ గంజాయి సారాన్ని కీళ్లవాతం, ధనుర్వాతం రోగులకు ఇచ్చి చూసి, ఫలితాలు ప్రకటించాడు. అక్కడి నుంచే అది ఐరోపా మందుల షాపులకు చేరింది.

మన సిరొంచను నిజాం 1860లో ఇంగ్లీషువారికి అప్పగించాడు. 1874లో అది చాందా జిల్లాలో కలిసింది. ఆ తరువాత 1893లో ప్రభుత్వం గంజాయిపై ఒక కమిషన్ వేసింది. వెయ్యికి పైగా సాక్షులను విచారించిన ఆ కమిషన్, మితంగా వాడితే పెద్ద హాని లేదని, పూర్తి నిషేధం అక్కర్లేదని 1894లో చెప్పింది. అప్పటి మధ్యపరగణాలలో గంజాయి సాగు ఖండ్వా వైపు సర్కారు అదుపులో సాగేది.

మరి ఆ మందు ఎందుకు వెనకబడింది? ఒక సీసాలోని బలం మరో సీసాలో ఉండేది కాదు. ఆస్పిరిన్ వంటి నమ్మకమైన మందులు వచ్చాయి.

ఇంతలో చేతి కథ వేరే దారిన నడిచింది. మణికట్టు దగ్గర నరం నలిగితే చేయి దెబ్బతింటుందని 1854లో లండన్ వైద్యుడు పాజెట్ రాశాడు. అక్కడ ఎముకలకూ గట్టి పట్టీకీ నడుమ ఇరుకైన సొరంగం ఉంది. అందులోంచి తొమ్మిది స్నాయువులు, ఒక నరం పోతాయి. వాపు వస్తే నలిగేది నరమే. అందుకే బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కుతాయి, చిటికెనవేలు బాగానే ఉంటుంది. దీన్నే కార్పల్ టన్నెల్ జబ్బు అంటారు.

అంటే ఓషానెస్సీ మందిచ్చిన వాతం వేరు, ఈ తిమ్మిరి వేరు. పాత పేరు రెంటినీ ఒకే గాట కట్టింది. గంజాయి నొప్పిని మరిపించవచ్చు, నలిగిన నరాన్ని విడిపించదు. ఈ జబ్బును అది నయం చేస్తుందని రుజువు కాలేదు. నొప్పి మరిచి కూర్చుంటే బొటనవేలి మొదట కండ కరిగి, పట్టు పోతుంది.

1985 చట్టం ప్రకారం వైద్య, శాస్త్రీయ అవసరాలకు అనుమతితో తప్ప గంజాయి దగ్గర ఉంచుకోవడం నేరం. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి దాన్ని అతి కఠినమైన జాబితా నుంచి తీసింది, భారత్ కూడా అందుకు ఓటేసింది. అది పరిశోధనకు తెరిచిన తలుపే గాని, సంతలో కొనుక్కోమన్న మాట కాదు.

రాత్రి మణికట్టుకు పట్టీ, పనిలో మధ్యమధ్య విరామం, తగ్గకపోతే సూది, అప్పటికీ తగ్గకపోతే చిన్న ఆపరేషన్. దారి ఇది. తిమ్మిరి వారాల తరబడి వదలకపోతే ఆస్పత్రికి వెళ్లండి. మన ఇళ్లు నడిచేది ఆ చేతుల మీదనే.