వంద లైన్ల కథకుడు

చెహోవ్ పేరెత్తగానే మనవాళ్ళకి మొదట గుర్తొచ్చేది తుపాకీ. నాటకం మొదట్లో తుపాకీ చూపిస్తే చివరికి అది పేలి తీరాలి అన్న సూత్రం. సినిమా చర్చల్లో కూడా దీన్ని తెగ వాడేస్తుంటారు. కథ ఎలా రాయాలో ఆయన చెప్పిన మాటల్ని ఉత్తరాల్లోంచి ఏరి, ఒకటీ రెండూ మూడూ అని నంబర్లేసి పంచుకోవడం కూడా మామూలే. అయితే ఆ మాటలు ఎప్పుడన్నాడు, ఎవరితో అన్నాడు, అప్పుడాయన పరిస్థితేంటి అన్నది మాత్రం ఎవరికీ పట్టదు. ఏ బగ్ కోసం వేశారో తెలియకుండా ప్యాచ్‌ని మెచ్చుకున్నట్టు ఉంటుంది ఈ వ్యవహారం.

నాకు మాత్రం ఆ సలహాల కన్నా వాటి వెనకున్న ఆరేళ్ళే ఎక్కువ ఆసక్తిగా అనిపిస్తాయి. 1880 నుంచి 1886 దాకా. పగలు ఒక చదువూ ఉద్యోగమూ, రాత్రి కథలూ. మనలో చాలామందికి ఈ షిఫ్టు బాగా పరిచయమే కదా!

అంతోన్ చెహోవ్ 1860లో దక్షిణ రష్యాలోని టాగన్‌రోగ్ అనే రేవుపట్నంలో పుట్టాడు. నాన్నది కిరాణా కొట్టు. 1876లో ఆ కొట్టు దివాలా తీసింది. అప్పులవాళ్ళ నుంచి తప్పించుకోడానికి ఆయన మాస్కో పారిపోయాడు, తర్వాత ఇంట్లోవాళ్ళూ వెళ్ళిపోయారు. పదహారేళ్ళ అంతోన్ ఊళ్ళోనే ఉండిపోయి, ట్యూషన్లు చెప్పుకుంటూ స్కూలు చదువు పూర్తి చేశాడు. 1879లో మెడిసిన్‌లో చేరడానికి మాస్కో వచ్చేసరికి కుటుంబమంతా ఓ అద్దె ఇంటి బేస్‌మెంట్లో కాపురముంటోంది. సొంతూరి నుంచి వచ్చే స్కాలర్‌షిప్ నెలకి 25 రూబుళ్ళు. ఇంటి బరువు నెమ్మదిగా ఈ కుర్రాడి మీదకే వచ్చి పడింది.

అప్పట్లో రష్యాలో హాస్య వారపత్రికలు బాగా నడిచేవి. జోకులూ బొమ్మలూ చిట్టికథలూ వాటి సరుకు. అందులో 'స్త్రెకొజా' అని ఒకటి, అంటే తూనీగ. లైనుకి 5 కోపెక్కుల లెక్కన ఇస్తామంది (వంద కోపెక్కులు ఒక రూబుల్). 1880 మార్చిలో ఆయన మొదటి రచన అందులోనే వచ్చింది. అప్పటికి వయసు ఇరవై.

ఇక్కడ ఒక తమాషా ఉంది. మన వారపత్రికలకి కథ పంపేటప్పుడు తిరుగు కవరు జతచేస్తే, నచ్చని కథ గుట్టుచప్పుడు కాకుండా ఇంటికొచ్చేది. స్త్రెకొజా పద్ధతి వేరు. 'ఉత్తరాల పెట్టె' అని ఒక శీర్షిక పెట్టి, ఎవరి రచన ఎలా ఉందో అందరూ చదివేలా పత్రికలోనే అచ్చేసేవారు. మొదటి రచన పంపినప్పుడు అదే శీర్షికలో మెచ్చుకుని, ముందుకు సాగమని దీవించారు. ఆ తర్వాత వరసపెట్టి చీవాట్లు. ఆ ఏడాది చివరికి, వికసించకుండానే వాడిపోతున్నావు అన్న అర్థం వచ్చేలా రాశారు. ఇరవయ్యేళ్ళ కుర్రాడికి, నలుగురూ చదివే చోట! చెహోవ్ ఆ పత్రికకి దండం పెట్టేసి బయటికొచ్చేశాడు.

దాదాపు ఆ రోజుల్లోనే బోలెడంత పెద్ద నాటకం ఒకటి రాసి, యెర్మోలోవా అనే పేరున్న నటికి ఇచ్చాడు. అదీ తిరిగొచ్చింది. ఆ నాటకం అచ్చులోకి రావడానికి ఆయన చనిపోయాక ఇంకో పంతొమ్మిదేళ్ళు పట్టింది, 1923లో.

1882 చివర్లో నికొలాయ్ లైకిన్ అనే సంపాదకుడు దొరికాడు. ఆయన పీటర్స్‌బర్గ్ నుంచి నడిపే పత్రిక పేరు 'అస్కోల్కి', అంటే పెంకు ముక్కలు. పేరుకు తగ్గట్టే కథలూ ముక్కలే. వంద లైన్లు దాటకూడదు. నవ్వు రావాలి. టైముకి అందాలి. లైనుకి 8 కోపెక్కులు. లెక్క వేసుకోండి: నిండుగా వంద లైన్లు రాస్తే 8 రూబుళ్ళు, నెలకి మూడు రాస్తే దాదాపు ఆ స్కాలర్‌షిప్‌కి సమానం. చెహోవ్ మూడుతో ఆగలేదు. ఒక్క అస్కోల్కిలోనే నాలుగైదేళ్ళలో రెండొందలకు పైగా రచనలు చేశాడు. 'గుమాస్తా మరణం', 'ఊసరవెల్లి' లాంటివి, మాస్కోలో అచ్చయి విశాలాంధ్ర షాపుల్లో చవగ్గా దొరికిన తెలుగు పుస్తకాల పుణ్యమా అని మనలో చాలామందికి తెలిసిన కథలు, అక్కడ అచ్చయినవే.

ఎలాంటి పరిస్థితుల్లో రాసేవాడో 1883 ఆగస్టులో లైకిన్‌కి రాసిన ఉత్తరంలో చెప్పుకొచ్చాడు. ఎదురుగా కాలేజీ పని కూర్చుని కొరడాతో కొడుతోంది. పక్కగదిలో చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళ పిల్లాడు ఏడుస్తున్నాడు. ఇంకో గదిలో నాన్న అమ్మకి గట్టిగా పుస్తకం చదివి వినిపిస్తున్నాడు. ఎవరో మ్యూజిక్ బాక్సుకి కీ ఇచ్చి వదిలేశారు. వీటన్నిటి మధ్యా కూర్చుని నవ్వించే కథ రాయాలి! ప్రశాంతమైన టైము దొరికాక రాద్దామని నవలని వాయిదా వేసుకునే మన బ్యాచ్ అంతా ఈ ఉత్తరాన్ని ప్రింటు తీసి పెట్టుకోవాలి.

1884లో డాక్టరయ్యాడు. ఆ డిసెంబరులోనే దగ్గితే నెత్తురు పడింది. అయినా రాయడం ఆపలేదు.

సరే, అసలు విషయానికొద్దాం. ఈ కథనంతా చెప్పేవాళ్ళు సాధారణంగా ఇచ్చే ముగింపు ఏంటంటే, పొట్టకూటి రాతల్లో ఒక మేధావి ఆరేళ్ళు పాడైపోయాడనీ, ఒక పెద్దాయన వచ్చి రక్షించాడనీ. నేను దీనికి సగమే ఒప్పుకుంటాను. వంద లైన్లు ఆయన్ని పాడుచేయలేదు. పైగా ఉపోద్ఘాతం లేకుండా కథలోకి దూకడం, ఒక్క వివరంతో మనిషిని నిలబెట్టడం అక్కడే వంటబట్టాయి. మెమరీ తక్కువున్న మెషీన్ మీద ప్రోగ్రామింగ్ నేర్చుకున్నవాడి చెయ్యి వేరేగా ఉంటుంది కదా, అలా అన్నమాట. పాడుచేసింది ఇంకోటి ఉంది. తను రాసింది ఎవరూ శ్రద్ధగా చదవరు అన్న నమ్మకం.

ఆ నమ్మకం ఊరికే రాలేదు. ఉత్తరాల పెట్టె దానికి విత్తనం వేసింది. చుట్టూ ఉన్న పత్రికల మిత్రులు నీళ్ళు పోశారు. 'అంతోషా చెహొంతె' అని ఒక జోకరు పేరు పెట్టుకుని, అసలు పేరుని మెడిసిన్ కోసం దాచి పెట్టుకున్నాడు. సైన్సు వ్యాసాలు అసలు పేరుతో, ఈ చిల్లర సరుకంతా దొంగ పేరుతో అని ప్లాను.

1885 డిసెంబరులో మొదటిసారి లైకిన్‌తో పాటు పీటర్స్‌బర్గ్ సాహితీ లోకాన్ని చూశాడు. చూస్తే అక్కడ అందరికీ చెహొంతె తెలుసు! కథలు గుర్తుపెట్టుకుని మరీ మాట్లాడుతున్నారు. తిరిగొచ్చాక 1886 జనవరిలో అన్నయ్య అలెగ్జాండర్‌కి రాసిన ఉత్తరంలో సంతోషం కన్నా సిగ్గు ఎక్కువ కనిపిస్తుంది. నన్ను ఇంతలా చదువుతున్నారని తెలిస్తే, ఇలా ఆర్డరు మీద నిర్లక్ష్యంగా రాసేవాణ్ణి కాదు అన్నది దాని సారాంశం. నా దృష్టిలో ఆయన రాసిన ఉత్తరాలన్నిటిలో ఒక రచయితకి పనికొచ్చే ముక్క ఇదే. తుపాకీ కాదు.

ఆ నెలలోనే ఒక పీటర్స్‌బర్గ్ దినపత్రికలో 'విషాదం' కథ వచ్చింది. కొడుకు చచ్చిపోయిన బండివాడు, తన బాధ వినే మనిషి ఊరంతా వెతికినా దొరక్క, చివరికి గుర్రానికి చెప్పుకుంటాడు. వినేవాడి కోసం వెతుకులాట! కాకతాళీయమో కాదో నేను చెప్పలేను గానీ, ఆ కథ తీసుకొచ్చి ఈ సందర్భంలో పెట్టి చదివితే వేరేగా కనిపిస్తుంది. ఫిబ్రవరిలో సువోరిన్ అనే పెద్ద పత్రికాధిపతి తన 'నోవయె వ్రేమ్య'లో లైనుకి 12 కోపెక్కులిచ్చి, కథ కింద అసలు పేరు వేయించాడు. దొంగ పేరు అక్కడితో వెనక్కి తగ్గింది.

మార్చి 25న (పాత రష్యన్ క్యాలెండరు ప్రకారం) ఇంకో ఉత్తరం వచ్చింది. రాసింది దిమిత్రి గ్రిగరోవిచ్. 1845లో ఇరవై మూడేళ్ళ దొస్తొయెవ్‌స్కీ మొదటి నవల రాతప్రతిని కవి నెక్రాసోవ్ దగ్గరికి మోసుకెళ్ళినవాడు ఈయనే. నలభై ఏళ్ళ తర్వాత ఇంకో కుర్రాడి కోసం కలం పట్టాడు. నీకు నిజమైన ప్రతిభ ఉంది, తొందర రాతలు మానెయ్, కావాలంటే పస్తులుండు అని. మూడు రోజులకి చెహోవ్ జవాబిచ్చాడు. ఏ కథ మీదా ఒక రోజుకి మించి గడిపిన గుర్తు లేదనీ, ఒకటైతే స్నానాల పాకలో కూర్చుని రాశాననీ, రిపోర్టర్లు అగ్నిప్రమాదాల వార్త రాసినట్టు రాసుకుంటూ పోయాననీ చెప్పుకున్నాడు. ఇంకో మాట కూడా ఉంది అందులో: తనకి ప్రియమైన మనుషుల్నీ దృశ్యాల్నీ ఆ కథల్లో ఖర్చు కాకుండా దాచుకున్నానని! పారేసేదే కదా అనుకున్న చోట బంగారం ఎవరు పెడతారు?

ఇక సలహాల సంగతి. గ్రిగరోవిచ్ ఉత్తరం అందిన ఆరున్నర వారాలకి, మే 10న, చెహోవ్ అన్నయ్య అలెగ్జాండర్‌కి ఒక ఉత్తరం రాశాడు. ఇప్పుడు అందరూ పంచుకునే ఆరు సూత్రాలు అందులోవే. నా మాటల్లో చెప్తాను:

1. రాజకీయ, సామాజిక, ఆర్థిక ఉపన్యాసాలు వద్దు.
2. మొదట్నించి చివరిదాకా తటస్థంగా ఉండు.
3. మనుషుల్నీ వస్తువుల్నీ ఉన్నదున్నట్టు చూపించు.
4. వీలైనంత క్లుప్తంగా రాయి.
5. ధైర్యంగా, కొత్తగా రాయి. మూస కనిపిస్తే పారిపో.
6. మనసు పెట్టు.

నాలుగోది లైకిన్ నేర్పిన పాఠమని చూడగానే తెలుస్తుంది. రెండూ మూడూ డాక్టరు కళ్ళు. మెడిసిన్ తన రాతని బాగా ప్రభావితం చేసిందని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. ఐదోదానికి ముందు కథ ఉంది. ఆ జనవరి ఉత్తరంలోనే, అణగారిన చిన్న గుమాస్తాల కథలు ఇక ఆపు, ఆ వాసన నీకు తెలీడం లేదా అని అన్నయ్యని విసుక్కున్నాడు. మన లెక్కలో చెప్పాలంటే 'అమెరికాలో కొడుకు, ఊళ్ళో ఒంటరి తల్లి' కథ. బాధ అబద్ధమని కాదు, రాసేవాడు ఆ తల్లిని చూసి రాయడం లేదు, ఇంతకుముందు వచ్చిన కథల్ని చూసి రాస్తున్నాడు. ఆరోది మాత్రం ఏ పత్రికా నేర్పలేదు.

అదే ఉత్తరంలో వెన్నెల రాత్రిని ఎలా చూపించాలో ఉదాహరణ ఇస్తాడు. మర కట్ట మీద పగిలిన సీసా పెంకు చుక్కలా మెరవడం, కుక్కదో తోడేలుదో నల్లటి నీడ బంతిలా దొర్లిపోవడం. చాలు, వెన్నెల వచ్చేసింది. ఈ చిట్కాని పదేళ్ళ తర్వాత 'సీగల్' నాటకంలో ఒక కుర్ర రచయిత నోట పెట్టాడు. పేరున్న రచయితకి ఒక సీసా మూతితో పనైపోతుంది, నేనేమో వెన్నెల గురించి పేజీలు పేజీలు రాసి చస్తున్నాను అని ఆ కుర్రాడు ఏడుస్తాడు. చిట్కా తెలిసినా వాడికి కథ రాలేదు. చివరికి తుపాకీతో కాల్చుకుంటాడు. తన సలహాల విలువ ఎంతో చెహోవ్‌కి బాగానే తెలుసన్నమాట.

అలెగ్జాండర్ గురించి ఒక మాట. తమ్ముడి కన్నా ఐదేళ్ళు పెద్ద, యూనివర్సిటీలో చదివింది లెక్కలూ సైన్సూ. హాస్య పత్రికల్లో తమ్ముడితో పాటే రాశాడు. ప్రతిభకి లోటు లేదు. కస్టమ్స్ ఉద్యోగం, తాగుడు, అప్పులు. 1883లోనే తమ్ముడు ఇంకో ఉత్తరంలో, నీ కథలోంచి నిన్ను నువ్వు బయటికి విసిరెయ్యమని చెప్పాడు. ఆయన వల్ల కాలేదు. చాలా ఏళ్ళు పత్రికా ఉద్యోగం చేసి 1913లో పోయాడు. ఆరు సూత్రాలూ చేతిలో ఉన్న మొట్టమొదటి మనిషి ఆయనే. వాటితో గొప్ప రచయిత కాలేదు. అంటే సూత్రాల వల్లే పనైపోదని తేలిపోయింది కదా.

చెహోవ్ మాత్రం 1888లో 'స్టెప్' అనే పెద్ద కథ రాశాడు, ఆ ఏడాదే పుష్కిన్ బహుమతిలో సగం, 500 రూబుళ్ళు, అందుకున్నాడు. 1899లో సంపుటాలు వేసేటప్పుడు తన పాత కథల్లో చాలావాటిని నిర్దాక్షిణ్యంగా డిలీట్ చేశాడు, మిగిలినవాటిని దిద్దాడు. అదే ఏడాది గోర్కీకి రాస్తూ విశేషణాలు కొట్టెయ్యమన్నాడు. 1904లో నలభై నాలుగేళ్ళకే క్షయతో పోయేదాకా, కొత్తగా రాసేవాళ్ళు పంపిన రాతప్రతుల్ని శ్రద్ధగా చదివి జవాబులిస్తూనే ఉన్నాడు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఆఫీసు అయ్యాక రాత్రి పదకొండింటికి కూర్చుని రాసేవాళ్ళు "ఏదో సరదాకి రాశాన్లెండి" అని ముందే ఒక డిస్‌క్లెయిమర్ పెట్టేస్తుంటారు. అది వినయం కాదు, చెహొంతె అనే దొంగ పేరు లాంటిదే. ఎవరూ చదవరనుకుని రాస్తే, బాగున్నవన్నీ ఎప్పుడో రాయబోయే నవల కోసం దాచేసుకుంటాం. వంద లైన్లే రాయండి, కానీ దాచుకోకుండా రాయండి.

రెండోది, రాయనివాళ్ళకి. గ్రిగరోవిచ్ నవలలు ఇవాళ ఎంతమంది చదువుతున్నారో గానీ, ఆయన రాసిన ఆ ఒక్క ఉత్తరం లెక్కలోకి వచ్చింది. మీకు తెలిసిన కుర్రాడెవరైనా కథ పంపితే "సూపర్ బాస్" అని వదిలెయ్యకండి. కూర్చుని చదివి, ఎక్కడ బావుందో, ఎక్కడ కథ వదిలేసి ఉపన్యాసంలోకి జారాడో నాలుగు ముక్కలు రాసి పంపండి. కోడ్ రివ్యూకి ఇచ్చే టైములో సగం చాలు.