పొడుగు చెట్టుకు పొట్టి చెట్టు పుప్పొడి

కోనసీమ దేశవాళీ కొబ్బరి చెట్టు తన పుప్పొడితో తానే కాయడం అరుదు. గెల విచ్చుకోగానే ముందు మగపూలు పూసి రాలిపోతాయి. దాదాపు మూడు వారాలకు గానీ ఆడపూలు సిద్ధం కావు. అప్పటికి పుప్పొడి పక్క చెట్ల నుంచే రావాలి. అందుకే ఒకే చెట్టు కాయల్ని నాటినా మొక్కలన్నీ ఒక్కలా పెరగవు. గంగబొండం లాంటి పొట్టి రకాల్లో రెండు పూలూ కలిసే పూస్తాయి కాబట్టి మొక్కల్లో తల్లి పోలిక నిలుస్తుంది.

ఈ రెంటినీ కలపవచ్చని మొదట చూపింది నేటి కేరళలోని నీలేశ్వరం. కోనసీమ, నీలేశ్వరం రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న 1932లో, శాస్త్రవేత్త జె.ఎస్. పటేల్ అక్కడ పొడుగు, పొట్టి కొబ్బరిని సంకరపరిచారు. పొడుగు, పొట్టి రకాల కలయికలో ప్రపంచంలో తొలి సంకర కొబ్బరి అదే.

కోనసీమలోని అంబాజీపేట పరిశోధన కేంద్రం మన చెట్లతోనే ఆ పని చేసింది. తూర్పుతీర పొడుగు రకం తల్లి, గంగబొండం తండ్రి. బిడ్డ గోదావరి గంగ. చెట్టెక్కి మగపూలన్నీ తుంచేసి, గెలకు సంచి కట్టి, ఆడపూలు తేనె ఊరే వేళకు తెచ్చిన పుప్పొడి చల్లాలి. గాలి, తేనెటీగల పనిని మనిషి అంత ఎత్తున, ఎంతో ఓర్పుగా చేస్తాడు. ఫలితం గొప్పది: పొడుగు రకం కాపుకు ఆరేడేళ్లు పడితే, సంకరం నాలుగైదేళ్లకే కాస్తుంది.

1996 నవంబరు 6 తుపాను కోనసీమ తోటల్ని పడగొట్టాక, త్వరగా కాసే మొక్క విలువ రైతుకు మరింత తెలిసొచ్చింది. అయితే గోదావరి గంగ కాయను ఇంట్లో మొలకెత్తిస్తే అదే గుణం రాదు. ప్రతి తోటకూ మళ్లీ ఆ తల్లిదండ్రుల కలయికలో పుట్టిన మొక్కే కావాలి.